చైనాలో సర్కారు అండ ఉన్న ఫౌండేషన్‌కే చందాలు ఎక్కువ వస్తాయా? లెక్కలు బయటపెడితే ఏమైనా తేడా పడుతుందా?

2012 నుంచి ఆరేళ్లు షెంజెన్‌లో ఉద్యోగం చేశాను. అక్కడ చూసినంతలో చెప్తున్నా. అండ ఉంటే డబ్బు వస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ ఇచ్చేదెవరు, ఎందుకిస్తున్నారు అన్నది వేరే కథ.

చేరిన ఏడాదే మా అడ్మిన్ అమ్మాయి క్యూక్యూ అనే చాట్ యాప్‌లోని ఆఫీసు గ్రూపులో ఓ నోటీసు పెట్టింది. ‘ఒక్కరోజు దానం’ అట, ఏటా ఉంటుందట. ఇష్టమున్నవాళ్లే ఇవ్వొచ్చని పైన రాసి, కింద మేనేజర్లకింత, మిగతావాళ్లకింత అని అంకెలు వేశారు. ‘ఇవ్వకపోతే ఏమవుతుంది?’ అని పక్క సీటు పెద్దాయన్ని అడిగాను. ‘ఏమీ కాదు, లిఫ్టు పక్కన లిస్టు అతికిస్తారు, అంతే’ అని నవ్వాడు. 100 యువాన్లు తీసి ఇచ్చాను. అది స్థానిక ప్రభుత్వ పెద్దల అండతో నడిచే చారిటీ సంఘానికి వెళ్లిందని ఆనక తెలిసింది. మన దగ్గర ముఖ్యమంత్రి సహాయనిధికి ఉద్యోగ సంఘాలు ఒకరోజు జీతం ప్రకటించేస్తాయి చూడండి, ఆ బాపతే.

2004 నిబంధనల ప్రకారం ఫౌండేషన్ పెట్టాలంటే ముందు ఏదో ఒక ప్రభుత్వ శాఖ పూచీ పడాలి. ఆ శాఖని వాడుకలో ‘పోపో’ అంటారు, అంటే అత్తగారు! అత్తగారికి పలుకుబడి ఉంటే కంపెనీలు చెక్కులతో వాకిట్లో నిలబడతాయి. 2016 చారిటీ చట్టం ఈ పట్టు కొంచెం సడలించింది.

మామూలు జనం సంగతికొస్తే, 2011లో గువో మెయిమెయి అనే ఇరవయ్యేళ్ల అమ్మాయి తాను ‘రెడ్‌క్రాస్ కామర్స్’ జనరల్ మేనేజర్నని చెప్పుకుంటూ ఖరీదైన కార్లు, బ్యాగుల ఫొటోలు వెయిబోలో (అక్కడి ట్విట్టర్ లాంటిది) పెట్టింది. ఆమెతో తమకు ఏ సంబంధమూ లేదని చైనా రెడ్‌క్రాస్ ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. 2013 ఏప్రిల్‌లో లూషాన్ భూకంపం వచ్చినప్పుడు రెడ్‌క్రాస్ పోస్టు కింద వేలమంది ‘పో’ అని ఒకే అక్షరం రాసి పోయారు. మా ఆఫీసులో కుర్రాళ్లంతా ఫోన్లు తీసి వన్ ఫౌండేషన్‌కి పంపారు. సినిమాల జెట్ లీ పెట్టిందే అది. తమాషా ఏంటంటే 2007 నుంచి అది రెడ్‌క్రాస్ కిందే ఒక ప్రాజెక్టుగా నడిచింది. 2011లో షెంజెన్‌లో వేరు కాపురం పెట్టుకుంది కాబట్టి బతికిపోయింది.

ఇక లెక్కలు. 2012 నుంచి ఫౌండేషన్లకి పారదర్శకత సూచీ ఒకటి ఉంది, మార్కులు వేస్తుంది. అది చూసి చందా ఇచ్చిన మనిషి నాకైతే తగల్లేదు. ఎంత సమాచారం బయటపెట్టారో అది చెప్తుంది గానీ మీ పది యువాన్లు ఎటు పోయాయో చెప్పదు కదా.

అసలు పారదర్శకత అంటే నా దృష్టిలో త్సావో దెవాంగ్ చేసింది. కార్ల అద్దాలు తయారుచేసే ఫుయావో కంపెనీని స్థాపించింది ఆయనే. 2010లో నైరుతి ప్రాంతంలో కరువొస్తే, ప్రభుత్వ అండ ఉన్న పేదరిక నిర్మూలన ఫౌండేషన్ చేతికే 20 కోట్ల యువాన్లు ఇచ్చాడు. ఇచ్చేముందు కాగితం రాయించుకున్నాడు. దాదాపు లక్ష కుటుంబాలకి తలా 2,000 ఆరు నెలల్లో చేరాలి. నిబంధనలు 10 శాతం దాకా ఒప్పుకునే నిర్వహణ ఖర్చు 3 శాతం దాటకూడదు. తనిఖీలో తప్పులు 1 శాతం మించితే పరిహారం ఫౌండేషనే కట్టాలి. ఇలా షరతులు పెట్టడం ఆయనకి చెల్లింది. నా 100 యువాన్లకి ఎవరు రాసిస్తారు?

నాలాంటివాడికి కాస్త దగ్గరగా వచ్చింది 2011లో పాత్రికేయులు మొదలుపెట్టిన ‘ఉచిత భోజనం’. పల్లె బడుల్లో పిల్లాడి భోజనానికి మొదట్లో 3 యువాన్లు. ఏ రోజు లెక్క ఆ రోజు బడివాళ్లే వెయిబోలో పెట్టాలి. మా టీములో ఓ అమ్మాయి మధ్యాహ్నం తింటూ తను ఎంచుకున్న బడి పేజీ తెరిచి చూసేది. ఎంతమంది తిన్నారు, కూరగాయలకెంత, గుడ్లకెంత అన్నీ చిన్న పట్టీలో ఉండేవి. ఒకరోజు లెక్క రాలేదు. కింద ‘ఈరోజు వండలేదా?’ అని అడిగింది. సాయంత్రానికి జవాబొచ్చింది, కరెంటు పోయిందని, ఆలస్యానికి క్షమించమని. మర్నాడు నేనూ నెలకి 30 యువాన్లు కట్టడం మొదలెట్టాను.

రసీదు వస్తే చూశాను. చందాలు పోగుచేసే హక్కు ఆ ప్రాజెక్టుకి సొంతంగా లేదు, ప్రభుత్వ అండ ఉన్న చైనా సోషల్ వెల్ఫేర్ ఫౌండేషన్ కింద నడుస్తోంది. ఆ అమ్మాయికి చూపిస్తే, ‘ఓహో, దీని పేరు ఇదా?’ అంది.