ప్రాగ్‌లో మొదటి రోజుకి వంతెన ఒక్కటి చాలు

చి. ల. సౌ. అమ్మలుకి,

పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది. చెక్ దేశంలో మీ ప్రాగ్ ప్రయాణం ప్లాన్ మీ అమ్మ నాకు వాట్సాప్‌లో పంపింది. మధ్యాహ్నం పన్నెండింటికి విమానం దిగడం, మూడింటికి కోట, అయిదింటికి గడియారం, ఆరింటికి పడవ, ఏడున్నరకి పెత్రిన్ కొండ. అది చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. 2018 మే నెలలో మేమూ సరిగ్గా ఇలాంటి కాగితమే పట్టుకుని ఆ ఊళ్ళో దిగాం. దిగిన మూడు గంటల్లో మీ పెదనాన్నా నేనూ ఒకరితో ఒకరం మాట్లాడుకోవడం మానేశాం. పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళకి మా పరిస్థితి అది. మీకు పెళ్ళయి ఆరు నెలలు.

అందుకని చెప్తున్నాను. మొదటి రోజుకి నది మీది చార్లెస్ వంతెన ఒక్కటే పెట్టుకోండి. మిగతావన్నీ కొట్టెయ్యండి.

రాత్రంతా రెండు విమానాలు మారి, నిద్ర లేకుండా దిగుతారు. మేలో అక్కడి టైము మనకంటే మూడున్నర గంటలు వెనక. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర అయ్యేసరికి మీ ఒంటికి అర్ధరాత్రి. ఆ ఒంటితో కోట ఎక్కితే ఏదీ మనసుకి ఎక్కదు. ఆ కోటలో సెయింట్ వైటస్ చర్చి కట్టడం 1344లో మొదలుపెడితే 1929కి గానీ పూర్తి కాలేదు. అంత ఓపికగా కట్టినదాన్ని నిద్రకళ్ళతో చూసి రావడం నాకు నచ్చదు. రెండో రోజు పొద్దున్నే 22 నంబరు ట్రామ్ ఎక్కి హాయిగా వెళ్ళండి.

ఎయిర్‌పోర్టు నుంచి ఇప్పుడు 59 నంబరు ట్రాలీబస్సు ఉంది. అది వెలెస్లావిన్ అనే మెట్రో స్టేషన్ దగ్గర దింపుతుంది, అక్కడి నుంచి ఆకుపచ్చ లైను పాత ఊరి మధ్యకి తీసుకెళ్తుంది. తొంభై నిమిషాల టికెట్ కొంటే బస్సుకీ మెట్రోకీ అదే చాలు. కానీ కాగితం టికెట్ కొనగానే సరిపోదమ్మా. మొదటి బండి ఎక్కగానే పసుపురంగు మెషీన్‌లో పెట్టి టైము ముద్ర వేయించుకోవాలి, అదీ ఒక్కసారే. మాకది తెలీదు. టికెట్లు చేతిలో ఉండగానే చెకింగ్ ఆయన ఆపి ఫైన్ వేశాడు. ఆయన తప్పేం లేదు, నియమం అది. డబ్బు పోయినందుకు కాదు, "నువ్వు చదవలేదా", "మీరు చూడలేదా" అని తర్వాత అరగంట అనుకున్న మాటలే నాకు ఇప్పటికీ బాధ.

ఇందుకే పనులు ముందే పంచుకోండి. టికెట్లూ డబ్బూ నువ్వు చూసుకో, దారి అల్లుడుగారు చూస్తారు. ఒకరి పనిలో రెండోవాళ్ళు వేలు పెట్టొద్దు. ఆయన తప్పు సందులోకి తీసుకెళ్తే ఆ సందు కూడా చూసిరండి. పాత ఊళ్ళో ఏ సందులో తిరిగినా కాసేపటికి నదో, ఊరి మధ్యనున్న చౌక్ అయినా కనిపిస్తుంది.

డబ్బు సంగతి. అక్కడ యూరోలు కాదు, కొరునాలు. దాదాపు అన్నిచోట్లా కార్డు తీసుకుంటారు. ఏటీఎం, కార్డు మెషీన్ "మీ దేశం కరెన్సీలో కట్టమంటారా" అని అడిగితే వద్దని కొరునాలే నొక్కు. లేకపోతే వాళ్ళ రేటు పడుతుంది. చౌక్ దగ్గర ఒక కౌంటర్లో మేం యూరోలు మార్చి బాగా నష్టపోయాం. ఇప్పుడు చట్టం మారింది. 2019 నుంచి, కౌంటర్లో మార్చిన డబ్బు వెయ్యి యూరోల లోపైతే, మూడు గంటల్లో రసీదుతో వెళ్ళి వెనక్కి తీసుకోవచ్చు. రసీదు పారెయ్యకు. రోడ్డు మీద "ఎక్స్‌చేంజ్" అని దగ్గరికొచ్చే మనిషితో మాత్రం మాటే కలపొద్దు.

హోటల్ గది మధ్యాహ్నం రెండు మూడింటికి ముందు దొరకడం కష్టం, అయినా సామాను పెట్టుకోనిస్తారు. మొహం కడుక్కుని బయటికి రండి. పడుకుంటే మాత్రం లేచేది రాత్రి తొమ్మిదికే. పాత బూట్లు వేసుకో, హీల్స్ వద్దు. అక్కడ రోడ్లన్నీ చిన్న చిన్న రాళ్ళు పేర్చినవి.

ఆకలయ్యేదాకా ఆగొద్దు. ఇంటి నుంచి పట్టుకెళ్ళిన పులిహోర విమానం దిగేలోపే అయిపోతుంది. పాలకోవా, నెయ్యి లాంటివి సర్దుకోకండి, పాల వస్తువుల్ని యూరప్ లోపలికి రానివ్వరు. నువ్వు మాంసం తినవు కాబట్టి "బెజ్ మసా" అన్న మాట నేర్చుకో, మాంసం లేకుండా అని. స్మజెనీ సీర్ అని చీజ్‌ని మందంగా కోసి బ్రెడ్ పొడిలో దొర్లించి వేయిస్తారు, బంగాళాదుంపలతో ఇస్తారు. బ్రాంబొరాక్ అని బంగాళాదుంప అట్టు, వెల్లుల్లి వాసనతో బాగుంటుంది. బంగాళాదుంప సూప్ అడిగి తీసుకో, అందులో మాంసం ముక్కలుండొచ్చు. హోటల్లో మంచినీళ్ళకి డబ్బు తీసుకుంటారు, కుళాయి నీళ్ళు మంచివే, సీసా నింపుకుని వెళ్ళండి.

ఇక వంతెన. సాయంత్రం ఎనిమిది దాటాక పాత ఊరి వైపు నుంచి ఎక్కండి. మే చివర్లో అక్కడ తొమ్మిదింటిదాకా వెలుగుంటుంది, సూర్యుడు కోట వైపు దిగుతాడు. నాలుగో చార్లెస్ అనే రాజు 1357లో పునాది వేశాడు. పొడవు 516 మీటర్లు, రెండు వైపులా కలిపి 30 విగ్రహాలు. రాళ్ళ మధ్య సున్నంలో కోడిగుడ్లు కలిపారని అక్కడివాళ్ళు కథ చెప్తారు. మన డంగు సున్నంలో బెల్లం, కరక్కాయ కలిపారని చెప్పుకుంటాం కదా, నాకదే గుర్తొచ్చింది. జనం చాలామంది ఉంటారు, బ్యాగు ముందుకి వేసుకో. అవతలి చివరికి చేరేముందు ఎడమవైపు మెట్లుంటాయి, దిగితే కాంపా అనే చోటు. నీళ్ళ ఒడ్డున కూర్చోండి. ఫోన్లు లోపల పెట్టండి. మేం రోజంతా ఎడమొహం పెడమొహంగా తిరిగి, చివరికి అక్కడ కూర్చున్నాకే మళ్ళీ మాట్లాడుకున్నాం. ముందుగా ఆయనే, "కాళ్ళు నొప్పా?" అని అడిగారు.

మర్నాడు తెల్లవారుజామున మూడున్నర, నాలుగుకల్లా మెలకువ వచ్చేస్తుంది. నిద్ర పట్టలేదని విసుక్కోకండి. లేచి మళ్ళీ అదే వంతెన మీదికి వెళ్ళండి. అయిదింటికి సూర్యుడు పాత ఊరి వైపు లేస్తాడు, ఎదురుగా కోట మీద వెలుగు పడుతుంది. ముందు రోజు కాలు పెట్టే చోటు లేని వంతెన మీద ఆ వేళకి పదిమంది ఉంటే ఎక్కువ. మొత్తం ప్రయాణంలో నాకు మిగిలిన గంట అది.

ఒక్క కోరిక. 1410 నాటి ఆ ఖగోళ గడియారాన్ని మేం వెళ్ళినప్పుడు రిపేరుకి విప్పేసి, దాని చోట తెర మీద బొమ్మ చూపించారు. గంట గంటకీ వచ్చే బొమ్మల కోసం అందరూ పైకే చూస్తారు, నువ్వు మాత్రం వాటి కిందున్న రెండు పళ్ళేల్లో పైది చూడు. బయటి వలయం సూర్యాస్తమయం నుంచి లెక్కపెట్టే పాత చెక్ గంటలు చూపిస్తుంది, మన పంచాంగం సూర్యోదయం నుంచి లెక్కపెట్టినట్టు. సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో కూడా కనిపిస్తుంది. మీరు వెళ్ళే వారం మన పంచాంగంలో వృషభం, అక్కడ మిథునం. ఆ తేడా కళ్ళతో చూడాలని మీ పెదనాన్న ఎంతో ఆశపడ్డారు. ఇప్పుడు ఆయన మోకాళ్ళు అంత దూరం పోనివ్వవు. ముళ్ళు, రాశుల వలయం స్పష్టంగా కనిపించేలా ఒక ఫొటో తీసి, తీసిన తేదీ, టైము రాసి పంపు. పంచాంగం పక్కన పెట్టుకుని ఎదురుచూస్తుంటారు.

మీ పెద్దమ్మ