పౌండ్ల బాయిలర్, కిలోల మీటర్

ప్రశ్న: మా రైస్ మిల్లులో పాత బాయిలర్ ప్లేటు మీద గంటకు 4,000 పౌండ్ల ఆవిరి అని ఉంది. కొత్తగా పెట్టిన మీటర్ మాత్రం ఫుల్ లోడ్‌లో కూడా గంటకు 1,550 కిలోలు దాటడం లేదు. ఆవిరి ఎక్కడైనా లీకవుతోందా?
- ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: టెన్షన్ పడకండి. పౌండు అంటే 0.4536 కిలో, రెండు వైపులా గంటే కాబట్టి టైమ్ జోలికి పోనక్కర్లేదు, 4,000ని దాంతో గుణిస్తే గంటకు 1,814 కిలోలు. మరి మిగతా 260 కిలోలు ఏమైనట్టు? ప్లేటు మీద ఆ అంకె పక్కన చిన్న అక్షరాల్లో 'ఫ్రమ్ అండ్ ఎట్ 212 ఎఫ్' అని ఉందేమో చూడండి, చాలామంది దాన్ని పట్టించుకోరు. అంటే 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతున్న నీరు అదే వేడిలో ఆవిరైతే వచ్చే లెక్క అది, కిలోకి 2,257 కిలోజౌళ్లు చాలు. మీరేమో 30 డిగ్రీల నీళ్లు పోసి 10 బార్ ఒత్తిడిలో ఆవిరి తీస్తున్నారనుకుందాం, అప్పుడు కిలోకి దాదాపు 2,655 కావాలి. ఆ నిష్పత్తిలో 1,814 కాస్తా 1,540 దగ్గరికి దిగుతుంది. మీ మీటర్ చెప్పేదీ అదే. ఫీడ్ వాటర్‌ని, అంటే బాయిలర్‌లోకి పోసే నీళ్లని, ముందే వేడి చేసి పంపితే అంకె పెరుగుతుంది.

అన్నట్టు, నిమిషానికి పౌండ్లలో ఉంటే 27.2తో గుణించండి, గంటకు కిలోలు వస్తాయి. టన్నులతో మాత్రం జాగ్రత్త: అమెరికా టన్ను 907 కిలోలు, బ్రిటిష్‌ది 1,016.