వాడిది మొండితనం కాదమ్మా

శ్రీకాకుళం

అమ్మడూ,

నిన్న ఫోన్లో "అత్తా, మా పిల్లిగాడు కావాలనే నా పరుపు మీద ఉచ్చ పోస్తున్నాడు" అన్నావు చూడు, అప్పట్నుంచి నాకు అదే ఆలోచన. పిల్లికి కక్ష ఉండదు తల్లీ. ఒంట్లో బాగోలేకో, ఆ లిట్టర్ బాక్స్‌లో, అదే వాడు పోసుకోడానికి లిట్టర్ అనే ఇసుకలాంటిది వేసి పెట్టే డబ్బాలో, ఏదో నచ్చకో అలా చేస్తున్నాడు.

ముందు ఒంటి సంగతి చూడు. మగపిల్లులకి మూత్రనాళం చాలా సన్నం. చిన్న రాయో, జిగురో అడ్డుపడితే చుక్క కూడా రాదు. అలా ఒకటి రెండు రోజులు ఆగితే ప్రాణమే పోతుంది. మా గోధుమరంగు పిల్లిగాడు అలాగే పోయాడు. మాటిమాటికీ బాక్స్‌లో కూర్చుని ముక్కుతుంటే మలబద్ధకం అనుకున్నాను, పొద్దున్న చూద్దాంలే అని పడుకున్నాను. తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది. ఆ తప్పు నువ్వు చెయ్యకూడదు. ముక్కినా చుక్క రాకపోతే అర్ధరాత్రైనా సరే డాక్టరు దగ్గరకి పరుగెత్తు. కొంచెం కొంచెంగా పోస్తున్నా, ఎర్రగా వస్తున్నా, అదేపనిగా అక్కడ నాక్కుంటున్నా ఆ రోజే చూపించు. పోసేటప్పుడు నొప్పి పుడితే, ఆ నొప్పి బాక్స్ వల్లే వచ్చిందనుకుని మెత్తటి పరుపు వెతుక్కుంటాయి.

డాక్టరు ఏమీ లేదంటే అప్పుడు బాక్స్ సంగతి. ఇదంతా దసరా వెళ్లాకే మొదలైందన్నావు. మీ ఇల్లేమో విజయనగరంలో మూడు లాంతర్ల కూడలి దగ్గర, బాక్సేమో వీధి వరండాలో. పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం నాటి మంగళవారం ఆ జనం, ఆ డప్పుల మోతలో వాడు బాక్స్‌లో ఉన్నప్పుడే హడలిపోయాడేమో అని నా అనుమానం. ఒకసారి బెదిరిన చోటికి పిల్లి అంత తేలిగ్గా మళ్లీ రాదు. దాన్ని లోపలి గదిలో, అలికిడి లేని మూలకి మార్చు. అన్నం గిన్నె పక్కన మాత్రం పెట్టకు.

పూల వాసన లిట్టర్ కూడా మానెయ్. మనకి హాయిగా ఉండేది వాటి ముక్కుకి ఘాటు. పిల్లుల పూర్వీకులు ఎడారి జంతువులు, అందుకే సన్నగా, ఇసుకలా ఉండేదే వాటికి ఇష్టం. రెండంగుళాల మందాన పొయ్యి. వాడు లోపల చుట్టూ తిరగగలిగేంత పెద్ద టబ్బు కావాలి. ఉదయం, సాయంత్రం తడిసి కట్టిన ఉండలు తీసెయ్. ఒక్క పిల్లే అయినా రెండు బాక్సులుంటే మంచిది.

పరుపుకి ఫినాయిల్ వాడుతున్నావని విని భయమేసింది. అది పిల్లులకి విషం, ఈరోజే ఆపు. పెట్ షాపులో ఎంజైమ్ క్లీనర్ అని అడుగు. పాత వాసన పూర్తిగా పోకపోతే వాడు మళ్లీ అక్కడికే వస్తాడు. తిట్టకు, మూతి రుద్దకు. భయపడితే నీ కంట పడకుండా మంచం కింద పోస్తాడు, అంతే.

ఆదివారం బస్సులో వస్తాను. మా ఇంట్లో వాడని పెద్ద టబ్బు ఉంది, తెస్తాను. ఈ సాయంత్రం వాడు ఎంత పోశాడో చూసి ఫోన్ చెయ్యి.

మీ అత్త