టాన్సిల్స్ ఆపరేషన్ సంగతి తర్వాత, ముందు ఆ చలిజ్వరం చూపించండి

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. హాస్టల్‌లో ఉండి ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వారం క్రితం గొంతునొప్పి, జ్వరం వస్తే మెడికల్ షాపులో అడిగి అజిత్రోమైసిన్ మూడు రోజులు వేసుకున్నాడు. తగ్గినట్టే తగ్గి, నిన్నటి నుంచి చలితో జ్వరం మళ్లీ వస్తోంది. మెడ ఎడమవైపు నొప్పిగా ఉందంటున్నాడు. ఏటా రెండుసార్లు టాన్సిల్స్ వాస్తుంటాయి. ఆపరేషన్ చేయిస్తే మంచిదా?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ఏడాదికి రెండుసార్లు వస్తే సాధారణంగా ఆపరేషన్ దాకా వెళ్లం. అది నిదానంగా ఆలోచిద్దాం. తగ్గిన జ్వరం వణుకుతో తిరగబెట్టడం, మెడకు ఒకపక్కే నొప్పి, ఈ రెండూ కలిస్తే మాత్రం రేపటిదాకా ఆగకూడదు. ఈరోజే ఫిజీషియన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లమనండి.

గొంతునొప్పి చాలావరకు వైరస్‌ల వల్ల వచ్చి దానంతటదే తగ్గుతుంది. అరుదుగా బ్యాక్టీరియా టాన్సిల్ పక్కన చీము పట్టిస్తుంది, లేదా మెడలోని పెద్ద సిరలోకి పాకి రక్తం గడ్డకట్టిస్తుంది. ఆ గడ్డల ముక్కలు ఊపిరితిత్తులకు చేరతాయి. దీన్ని లెమియర్ సిండ్రోమ్ అంటాం. ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లలోనే ఎక్కువగా చూస్తాం. దీనికి ముఖ్య కారణమైన ఫ్యూసోబాక్టీరియం అనే బ్యాక్టీరియా మీద అజిత్రోమైసిన్ సరిగా పనిచేయదు. మీ అబ్బాయికి ఇదేనని చూడకుండా చెప్పలేను, కాదని నిర్ధారించుకోవాలి. రక్తపరీక్షలు, బ్లడ్ కల్చర్ (రక్తంలో బ్యాక్టీరియా ఉందేమో చూసే పరీక్ష), అవసరమైతే మెడకు స్కానింగ్ చేస్తారు.

ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే క్రమంలో ఒంట్లోని కిడ్నీలు, ఊపిరితిత్తులే దెబ్బతినడం మొదలైతే అది సెప్సిస్. ఆయాసం, మత్తు, మాట తడబడటం, మూత్రం బాగా తగ్గడం, కాళ్లూచేతులు చల్లబడటం, నోరు తెరవలేక ఉమ్మి కూడా మింగలేకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఓపీ కోసం చూడకుండా 108కి ఫోన్ చేయమనండి. బీపీ పడిపోయి షాక్‌లోకి వెళితే గంటలోపే యాంటీబయాటిక్ ఎక్కించాలి.

చదువుకునే పిల్లలు కూడా షాపులో పేరు చెప్పి యాంటీబయాటిక్ కొనుక్కోవడం చూస్తే బాధేస్తుంది. కౌంటర్ అవతల ఉన్నాయన టార్చ్ వేసి గొంతు చూడడు, మెడ తడిమి చూడడు. తప్పు మందు పడితే జ్వరం రెండు రోజులు అణిగి, విలువైన సమయం పోతుంది. మీరు కూడా వారం రోజులు ఊరుకోకుండా ఉండాల్సింది.

ఫోన్‌లో "ఇప్పుడు జ్వరం లేదులే అమ్మా" అన్నా వినకండి. పారాసిటమాల్ వేసుకుంటే థర్మామీటర్ మామూలుగానే చూపిస్తుంది. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ ఏదీ మళ్లీ మొదలుపెట్టవద్దని, వాడిన మందుల స్ట్రిప్పులు డాక్టర్‌కు చూపించమని చెప్పండి.