బోను మారిన ఎలుకలు, ఊరు మారిన అమ్మ

ముసలితనంలో మతిమరుపు జన్యువుల్లోనే రాసి ఉంటుందా, ఎపిజెనెటిక్స్‌తో (అంటే జన్యువును మార్చకుండా, అది పనిచేయడాన్నో ఆగడాన్నో మార్చడంతో) పోయిన జ్ఞాపకాలు వెనక్కి వస్తాయంటున్నారు, నమ్మొచ్చా అని ఒకరు అడిగారు. నేను డాక్టర్ని కాను. దేవరకొండ దగ్గర పల్లెలో పుట్టి, హైదరాబాద్‌లో ఫ్లాట్ కొనుక్కున్న మామూలు ఉద్యోగిని. కానీ ఇది మా ఇంట్లో జరిగింది కాబట్టి చెప్తున్నా.

నాన్న పోయాక అమ్మను మా దగ్గరికి తెచ్చుకున్నాం. ఆరు నెలలకే అడిగిందే అడగడం మొదలుపెట్టింది. ఒకరోజు కొత్తిమీర కోసం కిందికి దిగి, వచ్చేటప్పుడు ఏ బ్లాకో తెలియక ఎవరింటి తలుపో కొడుతూ నిలబడింది. (తలుపులన్నీ ఒకే రంగు. నేనే రెండుసార్లు పొరపాటు పడ్డాను, అది వేరే సంగతి.) డాక్టరు రెండు నిమిషాలు చూసి, స్కానింగ్ రాసి, 'వయసు కదా, అంతే' అన్నాడు. తెలిసినాయన ఒకరు జ్ఞాపకశక్తి పొడి అంటగట్టాడు, డబ్బా 1800 రూపాయలు. అమ్మ ఒక్క చెంచా నోట్లో వేసుకొని 'ఊక తిన్నట్టుంది కొడకా' అని పక్కన పెట్టేసింది.

ఆ రోజుల్లోనే లీ-హుయీ త్సాయ్ గురించి చదివాను. తైవాన్‌లో పుట్టి అమెరికాలో ఎంఐటీ అనే యూనివర్సిటీలో మెదడు మీద పనిచేస్తున్న శాస్త్రవేత్త. చిన్నప్పుడు బజారు నుంచి అమ్మమ్మతో వస్తుంటే వాన పట్టుకుందట. వాన వెలిశాక ఇంటికి ఏ దారిన పోవాలో ఆ ముసలమ్మకు గుర్తు రాలేదట. 2007లో ఆమె బృందం నేచర్ పత్రికలో ఒక ప్రయోగం గురించి రాసింది. ఎలుకలకు ఒక బోనులో కరెంటు షాకు ఇచ్చి భయం నేర్పారు. తర్వాత పీ25 అనే ప్రొటీన్ వాటి మెదడులో పుట్టేలా చేశారు. నరాల కణాలు చచ్చాయి, ఎలుకలు ఆ భయాన్ని మరిచిపోయాయి. అప్పుడు కొన్నింటిని చక్రాలు, ఆటవస్తువులు, తోటి ఎలుకలు ఉన్న బోనులోకి మార్చారు. చచ్చిన కణాలు లేచి రాలేదు గానీ, పాత భయం గుర్తొచ్చింది! సోడియం బ్యూటిరేట్ అనే మందు ఇచ్చినా అదే జరిగింది.

మా లెక్కలో చెప్తా. పత్తిని బోరెంలో కాళ్లతో తొక్కి నింపితే లోపలి దూది చేతికి రాదు. డీఎన్ఏ కూడా హిస్టోన్లనే ప్రొటీన్లకు అట్లే చుట్టుకొని ఉంటుంది. వాటికి ఎసిటైల్ గుంపులనే చిన్న రసాయన ముక్కలు తగిలితే చుట్ట వదులై జన్యువు పనిచేస్తుంది. హెచ్‌డీఏసీ2 అనే ఎంజైము ఆ ముక్కలను ఊడబీకి మళ్లీ బిగిస్తుంది. ఇందాకటి మందు, ఆటల బోను రెండూ ఈ బిగింపును వదులు చేసేవే. అల్జీమర్స్‌తో చనిపోయినవాళ్ల మెదడులో ఆ ఎంజైము ఎక్కువగా ఉందని 2012లో త్సాయ్ బృందమే చూపింది.

ఇక అమ్మ సంగతి. దీపావళికి ఊరికి తీసుకెళ్లాం. పత్తి ఏరే రోజులు. సాయంత్రం వాకిట్లో కాంటా పెట్టి తమ్ముడు మూటలు జోకుతున్నాడు, అమ్మ గడప మీద కూర్చుంది. మధ్యలో ఫోనొచ్చి వాడు లెక్క తప్పాడు. 'తూర్పింటామెది ముప్పై ఎనిమిది. దాని పక్కది నలభై ఒకటి, నువ్వు రాయలే' అంది అమ్మ. పదకొండు మంది కూలీల లెక్క వరసగా చెప్పేసింది! ముందురోజు ఫ్లాట్‌లో నా కూతురి పేరు తడుముకున్న మనిషి. మా ఆవిడ నా మొహం చూసింది.

పాత పని కాబట్టి గుర్తుంది, రోగం అట్లనే ఉందని తమ్ముడంటాడు. అననీ. నాకైతే ఇంకే పరీక్షా అక్కర్లేదు. మూడు గదులు, ఒక టీవీ, పొద్దంతా పలకరించే దిక్కు లేదు. అట్లాంటి బోనులో పెట్టింది నేనే. మా నల్లగొండోళ్లం ఏ రోగమొచ్చినా ఫ్లోరైడ్ నీళ్ల మీద తోస్తాం. మర్రిగూడ వైపు వంకర్లు పోయిన కాళ్లు చూసినవాణ్ని, ఆ నీళ్లు ఎముకలను ఏం చేస్తాయో నాకు తెలుసు. కానీ మతిమరుపును కూడా నీళ్ల మీదో జన్యువుల మీదో నెట్టి చేతులు దులుపుకోవడమేం పద్ధతి?

అమ్మ ఇప్పుడు ఊళ్లోనే ఉంది. ఫోన్ చేస్తే 'తిన్నవా కొడకా' అని మూడుసార్లు అడుగుతుంది. మొన్న మాత్రం, పోయినేడు పత్తి కొన్న సేటు క్వింటాలుకు రెండు కిలోలు తరుగు తీశాడని, ఈసారి అతనికి వేయొద్దని తమ్ముడికి గట్టిగా చెప్పమంది.