వేడి కోటుకు కరెంటు ఎక్కడి నుంచి?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం చలిలో బండి ప్రయాణం గురించినవే. కరెంటుతో వేడెక్కే కోట్లు, గ్లవుజులు, హ్యాండిల్ గ్రిప్పులు ఇప్పుడు మనవాళ్లకూ సులువుగా దొరుకుతున్నాయి. వాటిని కొనేటప్పుడు ధర, సైజు, రంగు అడుగుతున్నారే తప్ప అవి ఎన్ని వాట్లు తాగుతాయో, బండి ఎన్ని వాట్లు ఇవ్వగలదో అడిగేవారు తక్కువ. అందుకే ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: సెప్టెంబరు చివర్లో మిత్రులతో కలిసి మనాలి నుంచి లేహ్ వెళ్తున్నాను. నాది 400 సీసీ సింగిల్ సిలిండర్ బండి. 75 వాట్ల వేడి కోటు, 36 వాట్ల వేడి గ్రిప్పులు, ఒక్కొక్కటి 20 వాట్ల ఫాగ్ లైట్లు రెండు, ఫోన్ చార్జర్ బిగించుకోవాలని ఉంది. సర్వీసు పుస్తకంలో ఆల్టర్నేటర్ (ఇంజనుతో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించే భాగం) 220 వాట్లని రాసి ఉంది. సరిపోతుందా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: అన్నీ ఒకేసారి వేస్తే సరిపోదు. మీరు వాట్లతో సహా రాశారు కాబట్టి లెక్క ఇక్కడే చూద్దాం.

ముందు బండి తన కోసం వాడుకునే కరెంటును పక్కన పెట్టాలి. 2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజను నడిచినంతసేపూ హెడ్‌లైట్ వెలుగుతూనే ఉండాలన్న నిబంధన ఉంది కనుక, హాలోజన్ బల్బు అయితే లో బీమ్‌కే 55 వాట్ల దాకా పోతాయి. వెనుక లైటు, నంబరు ప్లేటు లైటు, మీటరు కలిపి ఓ 10 వాట్లు అనుకోండి. పెట్రోలు పంపు, ఇంజెక్టర్, ఇగ్నిషన్, వాటిని నడిపించే కంప్యూటరు కలిసి ఇంకో 60 వాట్ల వరకు తీసుకుంటాయి. అంటే సుమారు 125 వాట్లు మీరు ఒక్క స్విచ్ కూడా వేయకముందే ఖర్చయిపోతున్నాయి. 220లో మిగిలేది 95. మీరు పెట్టదలచుకున్నవి, చార్జరుకు 15 వాట్లు వేసుకుంటే, మొత్తం 166.

అసలు ఇబ్బంది ఇంకొకటి ఉంది. పుస్తకంలో ఉన్న 220 వాట్లు ఇంజను నిమిషానికి 5,000 చుట్లు తిరిగేటప్పటి మాట. మన బండ్లలో ఆల్టర్నేటర్‌గా ఉండేది శాశ్వత అయస్కాంతంతో పనిచేసే మాగ్నెట్ కాయిల్. అది ఎంత వేగంగా తిరిగితే అంత కరెంటు ఇస్తుంది, ఐడిలింగ్‌లో అందులో సగం కూడా రాకపోవచ్చు. మీరు వెళ్లే దారిలో సైనిక లారీల వరుస వెనుకా, బారాలాచా దగ్గర రోడ్డు మీదికి పారే నీళ్లలోనూ, గులకరాళ్ల మీదా ఇంజను 2,000 చుట్ల దగ్గరే మూలుగుతూ గంటలు గడుస్తాయి. చలి ఎక్కువగా పట్టేదీ అక్కడే, కాయిల్ తక్కువగా ఇచ్చేదీ అక్కడే. ఆ లోటును బ్యాటరీ భరిస్తుంది. లోటు 60 వాట్లయితే బ్యాటరీ నుంచి గంటకు 5 ఆంపియర్ అవర్లు (బ్యాటరీ నిల్వను కొలిచే లెక్క) పోతాయి. మీ బండిలో ఉన్నది 8 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అయితే, గంట గడిచేసరికి సగానికి పైగా ఖాళీ అయినట్టే. పైగా సున్నా డిగ్రీల దగ్గర లెడ్ యాసిడ్ బ్యాటరీ తన సామర్థ్యంలో దాదాపు ఐదో వంతు కోల్పోతుంది కాబట్టి ఆ 8 కూడా అక్కడ 8 కాదు.

ఇక దేన్ని ఉంచాలి, దేన్ని వదలాలి? నన్నడిగితే కోటుకే మొదటి స్థానం ఇస్తాను. ఛాతీ, మెడ వెచ్చగా ఉంటే శరీరం వేళ్లకు రక్తాన్ని ధారాళంగా పంపుతుంది. ఛాతీ చల్లబడితే ముందుగా ఆపేది చేతులకూ కాళ్లకూ పోయే రక్తాన్నే. అందువల్ల కోటు వేసుకున్నవారికి గ్రిప్పుల అవసరం సగం తగ్గుతుంది. చేతులకు గాలి తగలకుండా హ్యాండిల్‌కు తొడిగే మఫ్లు పెట్టుకోండి, వాటికి ఒక్క వాటు కూడా అక్కర్లేదు. ఉష్ణోగ్రత 5 డిగ్రీలున్నప్పుడు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఒంటికి తగిలే చలి మైనస్ 2 డిగ్రీలతో సమానం. ఆ గాలిని ఆపడమంటే మూడొంతుల పని అయినట్టే. తెల్లవారుజామున బండి మీద వెళ్లే పాతకాలపు వాళ్లు చొక్కా లోపల దినపత్రిక మడిచి పెట్టుకునేది అందుకే, ఆ ఉపాయం నేటికీ పనికొస్తుంది.

ఫాగ్ లైట్లు పగలు ఆర్పి ఉంచండి. అప్పుడు కోటు, చార్జరు కలిపి 90 వాట్లు, అంటే మీ మిగులుకు సరిగ్గా సరిపోతాయి. కోటుకు తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మార్చుకునే కంట్రోలర్ ఉంటుంది, మధ్యస్థంలో పెట్టుకుంటే ఆ 75 వాట్లు సగటున సగానికి దిగుతాయి. బండి నెమ్మదిగా పోయే చోట కంట్రోలర్‌ను తగ్గించడం, దారి తెరుచుకున్నాక పెంచడం రెండు రోజుల్లో చేతికి అలవాటవుతుంది.

ఒక జాగ్రత్త. కోటును పలచని బనియను లాంటి బట్ట మీద, ఒంటికి దగ్గరగా వేసుకోవాలి. మందపాటి స్వెట్టర్ మీద వేసుకుంటే వేడి ఒంటికి చేరదు, చేరడం లేదని కంట్రోలర్ పెంచుతారు, బ్యాటరీ ఖాళీ అవుతుంది. మీ బృందంలో మధుమేహం వల్ల చేతుల్లో స్పర్శ తగ్గినవారు ఉంటే వారు వేడి గ్లవుజులను తక్కువ స్థాయిలోనే వాడాలి. చర్మం కాలుతున్నా వారికి తెలియకపోవచ్చు.

ప్రశ్న: శీతాకాలంలో ప్రతి ఆదివారం లంబసింగి వెళ్తుంటాం. గ్రిప్పులకూ ఫాగ్ లైట్లకూ మా వీధిలో ఎలక్ట్రీషియన్ హెడ్‌లైట్ వైరు నుంచే కనెక్షన్ ఇచ్చాడు. ఫ్యూజు రెండుసార్లు పోయింది. మూడోసారి పెద్ద ఫ్యూజు వేశాడు. ఇప్పుడు పోవడం లేదు కానీ హ్యాండిల్ దగ్గర కాలిన వాసన వస్తోంది.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ఈ జవాబు చదివిన రోజే ఆ కనెక్షన్లను తీయించండి, అప్పటిదాకా వాటి స్విచ్‌లు వేయకండి. ఫ్యూజు ఉన్నది గ్రిప్పులను కాపాడటానికి కాదు, వైరును కాపాడటానికి. వైరు మోయగలిగినదానికంటే పెద్ద ఫ్యూజు వేస్తే, ఫ్యూజు కాలాల్సిన చోట వైరు కాలుతుంది. మీకు వస్తున్న వాసన అదే. ఇలాంటి బండి ఒకటి నా దగ్గరికి వచ్చినప్పుడు హెడ్‌లైట్ డూమ్ విప్పి చూస్తే, జాయింటు దగ్గర నల్ల టేపు జిగురై కారింది, దాని కింద తొడుగు గోధుమరంగుకు తిరిగి వేలితో నొక్కితే బెల్లపు అచ్చులా విరిగింది. లోపలి రాగి తీగలు పెట్రోలు ట్యాంకు అడుగు రేకుకు రెండు వేళ్ల దూరంలో ఉన్నాయి.

సరైన పద్ధతి కష్టమైనదేమీ కాదు. బ్యాటరీ పాజిటివ్ నుంచి విడిగా ఒక వైరు లాగాలి. టెర్మినల్ నుంచి జానెడు లోపలే దానికి ఫ్యూజు హోల్డర్ ఉండాలి, ఎందుకంటే ఫ్యూజుకు ముందున్న వైరు ముక్కకు ఏ రక్షణా లేదు. ఆ వైరు రిలేలో (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) 30 అని రాసిన కాలుకు పోవాలి, 87 నుంచి గ్రిప్పులకూ లైట్లకూ పోవాలి. 85ను నెగటివ్‌కు, 86ను తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఏదో ఒక వైరుకు, మామూలుగా వెనుక లైటు వైరుకు కలుపుతారు. రిలేను పనిచేయించడానికి ఆంపియరులో ఆరో వంతు చాలు కనుక అసలు వైరింగ్ మీద భారం పడదు, తాళం తీయగానే అన్నీ ఆరిపోతాయి, మరిచిపోయి ఆన్‌లో వదిలేసే భయం ఉండదు. నెగటివ్‌ను చాసిస్ బోల్టుకు కాక మళ్లీ బ్యాటరీకే తెచ్చి కలిపితే తుప్పు సమస్య రాదు.

ఫ్యూజు ఎంతదన్నది ఊహించాల్సిన పని లేదు. మొత్తం వాట్లను ఇంజను నడిచేటప్పటి వోల్టులతో, అంటే 13.5తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. మీ గ్రిప్పులు, లైట్లు కలిపి 76 వాట్లనుకుంటే 5.6 ఆంపియర్లు, దానికి గోధుమరంగు 7.5 ఫ్యూజు సరిపోతుంది. ఎర్రది 10 ఆంపియర్లు, నీలంది 15. వైరు మాత్రం 1.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గనివ్వకండి. సన్నని 0.5 వైరులో 6 ఆంపియర్లు పోను రెండు, రాను రెండు మీటర్లు ప్రయాణిస్తే దారిలోనే దాదాపు ఒక వోల్టు పోతుంది, దాంతో గ్రిప్పుల వేడి ఎనిమిదో వంతు తగ్గుతుంది. ఆ తగ్గిన వేడిలో కొంత వైరులోనే ఉంటుంది. చివరిగా, హ్యాండిల్‌ను ఎడమకూ కుడికీ పూర్తిగా తిప్పి, వైరు ఎక్కడా బిగుసుకోవడం లేదనీ, ఫ్రేముకు రాసుకోవడం లేదనీ మీరే కళ్లతో చూసుకోండి.

ప్రశ్న: నవంబరు దాకా ఆఫీసుకు బండి మీదే వెళ్తాను. కోటు ఒక్కటే వేసుకుంటే బాగానే ఉంటుంది, దానికి వేడి గ్లవుజులు కూడా కలిపితే పావుగంటలో అన్నీ చల్లబడిపోతున్నాయి. బ్యాటరీ చార్జర్‌తో వచ్చిన వైరుకే వీటిని తగిలిస్తున్నాను.
– ఒక పాఠకుడు, షికాగో

జవాబు: మీ సందేహానికి సమాధానం ఆ చార్జర్ వైరులోనే ఉంది. ఇంట్లో బండి నిలిపినప్పుడు చార్జర్ తగిలించడానికి ఇచ్చే ఆ వైరులో సాధారణంగా 7.5 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. 75 వాట్ల కోటు 5.5 ఆంపియర్లు తీసుకుంటుంది, జత గ్లవుజులు మరో 25 వాట్లు అనుకుంటే మొత్తం 7.4. ఫ్యూజు అంచున నడుస్తూ నడుస్తూ వేడెక్కి తెగిపోతుంది. అక్కడ పెద్ద ఫ్యూజు వేయడం పరిష్కారం కాదని పై జవాబులో రాశాను. వేడి దుస్తులు తయారుచేసేవారు ఇచ్చే మందపాటి బ్యాటరీ వైరును విడిగా బిగించుకుని, చార్జర్ వైరును చార్జింగుకే ఉంచండి.

గ్లవుజులలోనే చిన్న లిథియం బ్యాటరీలుండే 7.4 వోల్టుల రకం కూడా మీకు అక్కడ దొరుకుతుంది. బండితో సంబంధం ఉండదు, ఆఫీసు దూరానికి చాలు. రోజంతా ప్రయాణానికి చాలవు. వాటిని 12 వోల్టులకు మాత్రం ఎప్పుడూ తగిలించవద్దు.

డిసెంబరులో బండిని మూలన పెట్టేటప్పుడు బ్యాటరీని నిండుగా ఉంచండి. నిండిన లెడ్ యాసిడ్ బ్యాటరీ మీ ఊరి చలికి గడ్డకట్టదు, ఖాళీ అయినది గడ్డకట్టి పగులుతుంది. బండిలో ఉన్నది లిథియం బ్యాటరీ అయితే సున్నా కంటే తక్కువ ఉష్ణోగ్రతలో చార్జింగ్ పెట్టకండి.

ప్రశ్న: ఇవన్నీ పెట్టుకోవాలంటే పెద్ద బ్యాటరీ వేస్తే చాలని మెకానిక్ అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: కాదు. బ్యాటరీ కుండ అయితే కాయిల్ కుళాయి. కుళాయి ధార కంటే ఎక్కువ నీళ్లు తోడుతూ ఉంటే, పెద్ద కుండ కాస్త ఆలస్యంగా ఖాళీ అవుతుంది, అంతే. తిరిగి నిండడానికీ అంతే ఎక్కువ సేపు పడుతుంది.

ఈ మాట నేను అనుభవంతో చెబుతున్నాను. కొన్నేళ్ల క్రితం ఇదే సలహా విని బ్యాటరీ మార్చి, గ్రిప్పులూ రెండు లైట్లూ పెట్టుకుని జనవరిలో లంబసింగి ఘాట్ ఎక్కాను. పొగమంచులో రెండో గేరులో గంటన్నర. పైన టీ తాగి వచ్చి సెల్ఫ్ నొక్కితే రిలే టక్ టక్‌మంది తప్ప ఇంజను కదల్లేదు. వాలులో నలుగురు కుర్రాళ్లు తోశారు, అయినా స్టార్ట్ కాలేదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి పెట్రోలు పంపు తిరగడానికి కూడా కరెంటు కావాలి కాబట్టి, బ్యాటరీ పూర్తిగా పోతే పాత కార్బురేటర్ బండిలా తోసినంత మాత్రాన అది లేవదు. చింతపల్లి నుంచి ఒక జీపు వచ్చి కేబుల్ కలిపేదాకా ఆ చలిలో నిలబడ్డాను.

కనుక బ్యాటరీకి పెట్టే డబ్బుతో ముందు ఒక చిన్న డిజిటల్ వోల్ట్‌మీటర్ కొని హ్యాండిల్ మీద బిగించండి. అన్నీ ఆన్ చేసి, మామూలుగా మీరు నడిపే వేగంలో చూడండి. 13.5 పైన ఉంటే కాయిల్ అన్నింటినీ మోస్తోంది. 13 దగ్గర ఉంటే ఒకదాన్ని ఆపండి. 12.8 కంటే దిగి అక్కడే నిలిచిందంటే మీరు బ్యాటరీలోంచి తోడుకుంటున్నారు, ఘాట్ దిగేదాకా గ్రిప్పులు ఆర్పి వేయండి. కొత్తగా ఏదైనా కొనే ముందు రోజు కూడా, అది తీసుకునేంత భారాన్ని హై బీమ్ లాంటి ఉన్న వస్తువులతోనే వేసి ఇదే పరీక్ష చేసుకోవచ్చు.