ఎకనామిక్స్ గ్రాఫులంటే టెన్షన్

ప్రశ్న: సార్, నేను అమలాపురం దగ్గర సీఈసీ ఫస్టియర్ చదువుతున్నాను. నిర్వచనాలు బట్టీ పట్టేస్తున్నాను గానీ డిమాండ్, సప్లయ్ గ్రాఫులు వచ్చేసరికి టెన్షన్. ఏ రేఖ ఎటు జరగాలో ప్రతిసారీ తికమకే. డిగ్రీలో కూడా ఎకనామిక్సే చదవాలని ఉంది. ఎంఈసీ తీసుకోవాల్సిందంటారా?
— ఒక విద్యార్థిని, కోనసీమ

జవాబు: ముందు గ్రూపు సంగతి తేల్చేద్దామమ్మా. మన వైపు కాలేజీల్లో బీఏ చెయ్యడానికి సీఈసీతో ఇబ్బందేం లేదు. ఢిల్లీ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఆనర్స్ లాంటిది మనసులో ఉంటే మాత్రం అక్కడ లెక్కలు తప్పనిసరి, అవి సీఈసీలో ఉండవు, ఎంఈసీలో ఉంటాయి, కాబట్టి గ్రూపు మార్చుకునే వీలుందేమో ఇప్పుడే కాలేజీలో అడుగు. సెకండియర్‌లోకి వెళ్లాక అడిగి లాభం లేదు.

ఇక గ్రాఫులు. నిలువు గీత మీద ధర, అడ్డగీత మీద పరిమాణం, అక్కడిదాకా నీకు తెలిసే ఉంటుంది. ధర ఒక్కటే మారితే ఉన్న రేఖ మీదే పైకో కిందికో కదులుతాం, ఇంకేది మారినా రేఖే పక్కకు జరుగుతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచింది కదా, భీమవరం వైపు రొయ్యల రైతులు ఎందుకు గగ్గోలు పెట్టారు? చెరువులో రొయ్య అదే, కౌంటు (కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క) అదే, అవతల అడిగేవాళ్లు తగ్గుతారు. అంటే డిమాండ్ రేఖ ఎడమకు జరుగుతుంది, ధర పడుతుంది. అదే తెల్లమచ్చ వైరస్ వచ్చిందనుకో, భయంతో చుట్టుపక్కల చెరువులన్నీ ఒకేసారి పట్టేస్తారు, అప్పుడు జరిగేది సప్లయ్ రేఖ, అదీ కుడికి. రెండుసార్లూ ధర తగ్గుతుంది, కానీ అమ్ముడయ్యే సరుకు మొదటిసారి తగ్గుతుంది, రెండోసారి పెరుగుతుంది. రేఖ పేరు గుర్తులేకపోయినా ఈ తేడా పట్టుకుంటే ఏది జరిగిందో నువ్వే చెప్పేయగలవు.

వరి దగ్గరికి వస్తే కథ వేరు. దానికి మద్దతు ధర ఉంది, 2025-26లో సాధారణ రకానికి క్వింటాలు 2,369 రూపాయలు, మన 75 కేజీల బస్తా లెక్కన సుమారు 1,777. గ్రాఫులో సమతౌల్య ధరకు, అంటే డిమాండ్, సప్లయ్ రేఖలు కలిసే చోటి ధరకు, పైన ఒక అడ్డగీత గియ్యి, అక్కడ సప్లయ్ ఎక్కువ, డిమాండ్ తక్కువ, ఆ మిగులు ధాన్యాన్ని ప్రభుత్వం కొంటేనే ఆ గీత నిలబడుతుంది. కొనుగోళ్లు ఆలస్యమైన ఏడాది రైతు ఎంతకు తెగనమ్ముకుంటాడో మీ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు (పుస్తకంలో ఈ ముక్క అంత వివరంగా ఉండదులే).

వ్యయాల పాఠం వచ్చినప్పుడు 2011 ఖరీఫ్ గురించి ఇంట్లో పెద్దవాళ్లను అడుగు. కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అని నాట్లే మానేశారు. విత్తనం, ఎరువు, కూలి ఖర్చు కూడా తిరిగి రాదనుకున్నప్పుడు వెయ్యకపోతేనే నష్టం తక్కువ, మీ పాఠంలో ఉత్పత్తి ఆపేసే బిందువు అంటే అదే.

అన్నట్టు, పరీక్షలో గ్రాఫు గీశాక అక్షాలకు పేర్లు రాయడం మర్చిపోకు, చాలామందికి మార్కులు పోయేది అక్కడే.